నదుల పేర్లు పెట్టుకున్న ఇంజిన్లు

తనకు కావలసిన నీళ్లు, బొగ్గు తన ఒంటి మీదే మోసుకుంటూ నడిచే ఆవిరి ఇంజిన్‌ను ట్యాంకు ఇంజిన్ అంటారు. బాయిలర్‌కు అటూ ఇటూ రెండు పొడవాటి ఇనుప తొట్లు, డ్రైవరు నిలబడే గది వెనక ఒక చిన్న బొగ్గు గది, అంతే. మామూలు ఆవిరి ఇంజిన్ అలా కాదు. దాని వెనక టెండర్ అనే ప్రత్యేకమైన బండి ఉంటుంది. నీళ్లూ బొగ్గూ ఆ బండిలో వస్తాయి. కాజీపేట, డోర్నకల్ మీదుగా బెజవాడకు నడిచిన బొగ్గింజన్లను చూసినవాళ్లకు గుర్తుండే రూపం ఈ టెండర్ ఇంజినుదే.

రెండింటిలో దేని సుఖం దానిది. టెండర్ ఉంటే ఎంత దూరమైనా పోవచ్చు. కానీ వెనక్కి నడపాలంటే ముందు చూపు సరిగా అందదు, అందుకని గమ్యం చేరాక ఇంజిన్‌ను గుండ్రటి తిరుగుడు వేదిక మీద మళ్లించుకోవాలి. ట్యాంకు ఇంజిన్‌కు ఆ బాధ లేదు. ముందుకీ వెనక్కీ ఒకేలా నడుస్తుంది. తొట్లలోని నీటి బరువు చక్రాల మీద పడుతుంది కాబట్టి పట్టాల మీద పట్టు కూడా బాగా దొరుకుతుంది. నీళ్లు అయిపోయేకొద్దీ ఆ పట్టు తగ్గుతుంది, అది వేరే సంగతి. అందుకే ఊరి చుట్టూ తిరిగే బండ్లకు, యార్డులో డబ్బాలు మళ్లించే పనికి, చిన్న లైన్లకు ట్యాంకు ఇంజిన్‌ను మించింది లేదనుకునేవారు. శ్రీకాకుళం వైపు నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను అలాంటిదే. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. దాని మీద ఇంగ్లండులో తయారైన చిన్న ట్యాంకు ఇంజిన్లు నడిచాయి. దూరం తక్కువ, వేగం తక్కువ, పనికి తగ్గ యంత్రం.

చిక్కంతా ట్యాంకు ఇంజిన్‌తో దూరపు ఎక్స్‌ప్రెస్ బండ్లను లాగించాలని చూసినప్పుడు వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటన్‌లో చాలా రైల్వే కంపెనీలు ఆ ప్రయత్నం చేశాయి. పెద్ద పెద్ద ట్యాంకు ఇంజిన్లు తయారయ్యాయి. వాటిలో కొన్ని ముసలివి కాకముందే పాత ఇనుము కింద పోయాయి. అన్నింటికన్నా విషాదంగా ముగిసింది ‘రివర్’ తరగతి. రికార్డుల్లో దాని పేరు కె తరగతి. 1917లో మొదలై 1927 ఆగస్టులో ఆగిపోయింది.

దీన్ని తయారు చేయించింది సౌత్ ఈస్టర్న్ అండ్ చాతమ్ రైల్వే. లండన్ నుంచి కెంట్ జిల్లా మీదుగా డోవర్, ఫోక్‌స్టన్ రేవులకు పోయే లైన్లు దీనివి. అంతకుముందు అక్కడ రెండు కంపెనీలు ఉండేవి. ఊరూరా ఒకదాని పక్కన ఒకటి పోటీగా స్టేషన్లు కట్టుకుని, రెండూ అప్పుల్లో మునిగి, చివరికి 1899లో కలిసి బండ్లు నడుపుకోవడానికి ఒప్పుకున్నాయి. ఆ పాత పంతాల భారం పట్టాల మీద మిగిలిపోయింది. లైను వేసేటప్పుడే చౌకగా వేశారు, తర్వాత బాగు చేయడానికి డబ్బు లేదు. ఈ సంగతి గుర్తుంచుకుంటేనే మిగతా కథ అర్థమవుతుంది.

1913 చివర్లో ఈ కంపెనీకి ముఖ్య మెకానికల్ ఇంజనీరుగా రిచర్డ్ మాన్సెల్ వచ్చాడు. ఐర్లండ్ మనిషి. కుర్రతనంలో మన దేశంలో ఈస్ట్ ఇండియన్ రైల్వేలో కూడా పనిచేసి వెళ్లినవాడు. తనే అన్నీ గీయాలనే పట్టుదల ఉన్నవాడు కాదు, మంచి పనివాళ్లను వెతికి తెచ్చుకోవడం ఆయన గొప్పతనం. గ్రేట్ వెస్టర్న్ రైల్వే స్విండన్ కార్ఖానా నుంచి హెరాల్డ్ హోల్‌క్రాఫ్ట్‌ను, మిడ్‌లాండ్ రైల్వే డార్బీ కార్ఖానా నుంచి జేమ్స్ క్లేటన్‌ను రప్పించాడు. స్విండన్ వాళ్ల బాయిలర్ విద్య, డార్బీ వాళ్ల పొందిక కలిసి 1917లో రెండు ఇంజిన్లు యాష్‌ఫర్డ్ కార్ఖానాలో పుట్టాయి. ఒకటి గూడ్సు బండ్ల కోసం టెండర్‌తో, దానికి ఎన్ తరగతి అని పేరు. రెండోది ఎక్స్‌ప్రెస్‌ల కోసం ట్యాంకులతో. అదే 790 నంబరు ఇంజిన్, కె తరగతికి తొలిచూలు.

ఆ రోజుల లెక్కన అది చాలా కొత్త యంత్రం. ముందు ఒక ఇరుసు మీద రెండు చిన్న చక్రాలు, మధ్యలో ఆరడుగుల పెద్ద చక్రాలు ఆరు, వెనక బొగ్గు గది కింద నాలుగు చక్రాల బోగీ. రైల్వే లెక్కలో దీన్ని 2-6-4 అంటారు. బాయిలర్ ముందు వైపు సన్నగా, వెనక వైపు లావుగా ఉంటుంది. ఆవిరి ఒత్తిడి చదరపు అంగుళానికి 200 పౌన్లు. ఆవిరిని మళ్లీ కాచి ఇంకా వేడెక్కించే సూపర్‌హీటర్ ఉంది. దానివల్ల బొగ్గూ నీళ్లూ కలిసొస్తాయి. 19 అంగుళాల వ్యాసం, 28 అంగుళాల పొడవు గల రెండు సిలిండర్లు బయటికే కనిపిస్తూ ఉంటాయి, మరమ్మతుకు వీలుగా. మొత్తం బరువు దాదాపు 84 టన్నులు. తొట్లలో 2,000 గ్యాలన్ల నీళ్లు, అంటే 9 టన్నుల పైమాట. ఇంజిన్ మొత్తం బరువులో పదో వంతు కన్నా ఎక్కువ, అదీ కదిలే బరువు.

ఎక్స్‌ప్రెస్ బండికి ట్యాంకు ఇంజిన్ ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్నకు జవాబు కెంట్ పటంలోనే ఉంది. లండన్ నుంచి డోవర్ 77 మైళ్లు. 2,000 గ్యాలన్లతో, మధ్యలో ఎక్కడా ఆగకుండా పోదగ్గ దూరమే. అక్కడికి చేరాక ఇంజిన్‌ను తిప్పే శ్రమ లేకుండా వెనక్కి రావచ్చు. లెక్క కాగితం మీద బాగుంది. మొదటి ఇంజిన్ ఒక్కటే చాలాకాలం తిరిగింది. దాని మీద పెద్ద ఫిర్యాదులు రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధం, ఆ తర్వాతి డబ్బు ఇబ్బందులు మరిన్ని ఇంజిన్లు చేయనివ్వలేదు.

1923 జనవరి 1న బ్రిటన్ రైల్వేలు దాదాపు అన్నీ నాలుగు పెద్ద కంపెనీల్లో కలిశాయి. దక్షిణం వైపు కంపెనీలు సదరన్ రైల్వే అయ్యాయి. మాన్సెల్‌కే అక్కడా అదే పదవి దక్కింది. 1925, 1926 సంవత్సరాల్లో కె తరగతి ఇంజిన్లు మరో 19 తయారయ్యాయి. వాటితో పాటు మూడు సిలిండర్లతో ఒక ప్రత్యేక ఇంజిన్ కూడా వచ్చింది. దాన్ని కె1 అన్నారు. మొత్తం 21. కొత్త కంపెనీకి ప్రచారం మీద మోజు ఎక్కువ. ఎక్స్‌ప్రెస్ ఇంజిన్లకు పేర్లు పెట్టడం అప్పుడే మొదలుపెట్టారు. ఆర్థర్ రాజు కథల్లోని వీరుల పేర్లు ఒక తరగతికి పెడితే, ఈ ట్యాంకు ఇంజిన్లకు దక్షిణ ఇంగ్లండు నదుల పేర్లు వచ్చాయి. రివర్ ఏవన్, రివర్ మెడ్‌వే, రివర్ స్టోర్, రివర్ క్రే, రివర్ డార్ట్. ఇత్తడి పలకల మీద ఆ పేర్లు మెరిసేవి. ఇంజిన్‌కు పేరుంటే జనం గుర్తు పెట్టుకుంటారు. అది మంచికైనా, చెడ్డకైనా.

ఇంజిన్లు ఎక్కువై, వేగం పెరిగాక డ్రైవర్ల నోట ఒక మాట పుట్టింది. ఇవి ‘ఊగులాడే నదులు’ అని. వేగం అందుకుంటే ఇంజిన్ ఎడమకీ కుడికీ ఒరిగేది. ఒరగడం మామూలే, ప్రతి ఇంజినూ కాస్త ఒరుగుతుంది. కానీ ఇది ఒరిగి, తిరిగి వచ్చి, అవతలి పక్కకు ఇంకాస్త ఎక్కువగా ఒరిగేది. సగం నిండిన నీళ్ల ట్యాంకరును కట్టుకుని మలుపు తిరిగిన ట్రాక్టరు డ్రైవరుకు ఈ భయం ఏమిటో చెప్పక్కర్లేదు. తొట్లలో నీరు ఒక పక్కకు పోతే బరువు అటు పోతుంది, స్ప్రింగులు అటు అణుగుతాయి, అవి తిరిగి లేచేలోపు రెండో పక్క పట్టా పల్లం అందుతుంది.

ఈ పట్టా పల్లం ఎక్కణ్నుంచి వచ్చిందో కాస్త దగ్గరగా చూడాలి. అసలు విషయం అక్కడే ఉంది. రైలు పట్టాలు అప్పట్లో ముక్కలు ముక్కలుగా ఉండేవి, రెండు ముక్కల మధ్య అతుకు. అతుకు దగ్గర పట్టా బలహీనం. దాని కింద చెక్క స్లీపరు, స్లీపరు కింద కంకర. చక్రం అతుకు దాటిన ప్రతిసారీ అక్కడ దెబ్బ పడుతుంది. కంకర గట్టిగా ఉంటే స్లీపరు కదలదు, దెబ్బ నేలకు పోతుంది. కంకర వదులైతే స్లీపరు దిగుతుంది, అతుకు దగ్గర గుంట పడుతుంది.

తెలంగాణలో పట్టాల కింద పోసేది నల్లరాయి పగలగొట్టిన కంకర. అంచులు కోసుగా, మొనలు వాడిగా ఉంటాయి. ఒక రాయి మొన ఇంకో రాయి సందులో దిగి అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వాన పడితే నీరు సందుల్లోంచి కిందికి జారిపోతుంది. గార్ల స్టేషను దగ్గర లైను పక్కన నిలబడి గుప్పెడు కంకర చేతిలోకి తీసుకుంటే ఈ సంగతి తెలుస్తుంది. అరచేతిలో గుచ్చుకుంటుంది. కెంట్ లైన్లలో చాలాచోట్ల వాడింది డంజనెస్ అనే సముద్ర తీరం నుంచి తెచ్చిన గులకరాళ్లు. కంపెనీకి దగ్గరలో దొరికేవి, చౌక. అలల్లో దొర్లి దొర్లి నున్నగా, గుండ్రంగా అయిన రాళ్లు. వాటికి ఒకదాన్నొకటి పట్టుకునే గుణం లేదు. పైన బరువు పడితే పక్కకు జారతాయి. వాటికి తోడు కింద బంకమన్ను, నీరు పోయే దారి సరిగా లేదు. వానాకాలంలో స్లీపర్లు బురదలో తేలినట్టు ఉండేవి. ఇలాంటి చోట పెద్ద బరువుతో, ఎక్కువ వేగంతో పోయే ఇంజిన్ వస్తే ఏమవుతుందో ఊహించడానికి ఇంజనీరు కానక్కర్లేదు. కానీ ఇంజిన్ గీసే ఆఫీసు వేరు, పట్టాలు చూసే ఆఫీసు వేరు. ఏ దేశపు రైల్వేలోనైనా ఈ రెండు ఆఫీసుల మధ్య దూరం కాస్త ఎక్కువే.

1927 ఆగస్టులో ఇంగ్లండులో వానలు బాగా పడ్డాయి. ఆ నెలలోనే మైడ్‌స్టోన్ వైపు కె1 ఇంజిన్ రివర్ ఫ్రోమ్ పట్టా తప్పింది. ప్రాణాలు పోలేదు. కొద్ది రోజులకే, ఆగస్టు 24 సాయంత్రం, లండన్ క్యానన్ స్ట్రీట్ నుంచి 5 గంటలకు బయలుదేరిన ఎక్స్‌ప్రెస్ ఫోక్‌స్టన్ వైపు పోతోంది. లాగుతున్నది రివర్ క్రే. సెవెనోక్స్ దగ్గరికి వచ్చేసరికి వేగం గంటకు 55 నుంచి 60 మైళ్ల మధ్య ఉంది. ఇంజిన్ ఊగడం మొదలై, ముందు చక్రాలు పట్టా దిగాయి. అలాగే కొంత దూరం పోయాక పట్టాలు కలిసే పాయింట్ల దగ్గర మొత్తం బండి చెదిరింది. సరిగ్గా అక్కడే లైను మీదుగా ఒక రోడ్డు వంతెన. పుల్‌మన్ అనే విలాస పెట్టె ఒకటి అడ్డం తిరిగి వంతెన స్తంభానికి కొట్టుకుంది. 13 మంది చనిపోయారు. అదే ప్రమాదం విశాలమైన చోట జరిగి ఉంటే ఇన్ని ప్రాణాలు పోయేవి కావు.

సదరన్ రైల్వే వెంటనే ఈ తరగతి ఇంజిన్లన్నింటినీ పక్కన పెట్టింది. ప్రభుత్వం తరఫున విచారణ జరిపింది రైల్వేల ముఖ్య తనిఖీ అధికారి సర్ జాన్ ప్రింగిల్. తప్పు ఇంజినుదా, పట్టాలదా అన్నది తేలాలి. దీనికి ఒక మంచి పద్ధతి ఎంచుకున్నారు. ఆ ఇంజిన్లనే తీసుకెళ్లి వేరే కంపెనీ పట్టాల మీద నడిపి చూడటం. లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే ముఖ్య మెకానికల్ ఇంజనీరు నైజెల్ గ్రెస్లీ తన లైను ఇచ్చాడు. హంటింగ్డన్ దగ్గర గట్టి కంకర మీద వేసిన మంచి లైను అది. అక్కడ రెండు రివర్ ఇంజిన్లు గంటకు 80 మైళ్లు దాటి పరుగెత్తాయి. పెద్దగా ఊగలేదు. అవే ఇంజిన్లను సదరన్ సొంత లైను మీద నడిపితే పాత ఊపు మళ్లీ వచ్చింది. ఇంజిన్ మారలేదు, తొట్లలో నీరు మారలేదు. మారింది కింద నేల.

ఈ పరీక్షతో ప్రధాన దోషం పట్టాలదని తేలింది. అలాగని ఇంజిన్‌ను పూర్తిగా నిర్దోషి అనలేం. కదిలే నీటి బరువు పైన ఉండి, లోపాలున్న పట్టాను ఓర్చుకునే గుణం లేని యంత్రం అది. మంచి లైను మీద మంచి ఇంజిన్ నడవడంలో గొప్పేముంది? తను నడవబోయే అసలు లైనును చూసి గీయాల్సిన ఇంజిన్‌ను, ఉండాల్సిన లైనును ఊహించుకుని గీశారు. తప్పు అక్కడ ఉంది. అది మాన్సెల్ ఒక్కడిదీ కాదు.

సదరన్ రైల్వే రెండు పనులూ చేసింది. పట్టాల కింద కంకర మార్చడం, నీరు పోయే దారులు వేయడం మొదలుపెట్టింది. ఇంజిన్ల విషయంలో మాత్రం విచారణ ఏం చెప్పినా జనం నమ్మరని దానికి తెలుసు. పత్రికల్లో ఇంజిన్ పేరు పడిపోయింది. రివర్ అన్న పలక చూస్తే ప్రయాణికులు పెట్టె ఎక్కరు. అందుకని 1928లో మొత్తం 21 ఇంజిన్లనూ విప్పి, పక్క తొట్లు, వెనక బోగీ తీసేసి, వెనక టెండర్ తగిలించి, మామూలు ఇంజిన్లుగా మార్చారు. నది పేర్లు తీసేశారు. ఇరవై ఇంజిన్లు యు తరగతిలోకి, కె1 ఒక్కటీ యు1లోకి వెళ్లాయి. అదే బాయిలర్, అవే ఆరడుగుల చక్రాలు, అవే సిలిండర్లు. ఈ కొత్త రూపంలో అవి ముప్పై ఏళ్లకు పైగా నిశ్శబ్దంగా పనిచేశాయి. 1960లలో ఆవిరి యుగం ముగిసే దాకా ఎవరూ వాటిని ఊగులాడేవి అనలేదు. తీసేసిన తొట్లు, బోగీలు కూడా వృథా పోలేదు. 1930ల్లో లండన్ చుట్టూ గూడ్సు బండ్లు లాగడానికి చేసిన డబ్ల్యూ తరగతి ట్యాంకు ఇంజిన్లలో మొదటివాటికి అవే వాడారు. నెమ్మదిగా నడిచే గూడ్సుకు ఆ తొట్లు బాగానే సరిపోయాయి. ప్రయాణికుల బండ్లకు వాటిని వాడకూడదన్న జాగ్రత్త మాత్రం వదల్లేదు.

ఇదే కథ పదేళ్లు తిరక్కముందే మన దేశంలో ఇంకా పెద్దగా జరిగింది. 1920లలో భారతదేశపు రైల్వేల కోసం బ్రిటన్‌లో ఎక్స్‌బీ అనే కొత్త ప్రామాణిక ఎక్స్‌ప్రెస్ ఇంజిన్లు తయారయ్యాయి. ట్యాంకు ఇంజిన్లు కావు, టెండర్ ఉన్నవే. కానీ అవీ వేగం పెరిగితే పాములా మెలికలు తిరిగేవి, పట్టాలను పక్కకు నెట్టేవి. 1937 జులై 17న బీహార్‌లో పట్నా దగ్గర బిహ్టా స్టేషను వద్ద ఎక్స్‌బీ లాగుతున్న ఎక్స్‌ప్రెస్ పట్టా తప్పింది. వంద మందికి పైగా చనిపోయారు. సెవెనోక్స్ తర్వాత బ్రిటన్‌లో విచారణ జరిపినట్టే ఇక్కడ నిపుణుల కమిటీ వేశారు. బ్రిటన్ నుంచి విలియం స్టేనియర్ లాంటి ఇంజిన్ నిపుణులు, ఫ్రాన్సు నుంచి ఇంజనీర్లు వచ్చి లైను లైనూ తిరిగారు. ఇక్కడి తీర్పు వేరుగా వచ్చింది. ఇంజిన్‌లోనే, ముందు బోగీని, వెనక చక్రాలను అదుపులో పెట్టే పద్ధతిలోనే లోపం ఉందని, పట్టాలూ దానికి తగినంత గట్టిగా లేవని తేలింది. ఆ అనుభవం స్వాతంత్ర్యం నాటికి వచ్చిన డబ్ల్యూపీ ఇంజిన్‌కు పనికొచ్చింది. ముందు భాగం బుల్లెట్‌లా, దాని మీద నక్షత్రంతో దేశమంతా తిరిగిన ఇంజిన్ అదే. అవి 755 తయారయ్యాయి.

ఇక మన తెలంగాణ సంగతికొస్తే, డోర్నకల్ చుట్టుపక్కల రైలు చరిత్ర ఎప్పుడూ బొగ్గు చుట్టూ, బరువు చుట్టూ తిరిగింది. ఇల్లందు దగ్గర సింగరేణి బొగ్గును భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1870ల మొదట్లో గుర్తించాడు. దాన్ని బయటికి తేవడానికే నిజాం హామీ రైల్వే డోర్నకల్ నుంచి సింగరేణికి 1888లో కొమ్మ లైను వేసింది. మరుసటి ఏడే ప్రధాన లైను బెజవాడను తాకింది. ఈ లైన్ల మీద వేగం కన్నా బరువు ముఖ్యం. బొగ్గు లాగే బండికి గంటకు 60 మైళ్లు అక్కర్లేదు. అందుకే ఇక్కడ టెండర్ ఇంజిన్లే రాజ్యమేలాయి. ట్యాంకు ఇంజిన్‌ను దూరపు ఎక్స్‌ప్రెస్‌కు కట్టాలన్న ఆలోచన దక్కను పీఠభూమి మీద కుదిరేది కాదు. స్టేషనుకూ స్టేషనుకూ మధ్య దూరాలు ఎక్కువ, ఎండాకాలంలో నీళ్లు దొరకడమే కష్టం. 2,000 గ్యాలన్లు ఏ మూలకీ సరిపోవు. స్వతంత్ర భారతంలో చిత్తరంజన్ కార్ఖానా 1959 నుంచి డబ్ల్యూటీ అనే పెద్ద ట్యాంకు ఇంజిన్లు చేసినా, అవి ఉద్దేశించింది దగ్గర దూరాల ప్రయాణికుల బండ్లకే. ట్యాంకు ఇంజిన్ స్థానం అదేనని అప్పటికి అందరికీ అర్థమైంది.

రివర్ తరగతి ఇంజిన్లలో ఒకటి ఇప్పటికీ ఉంది. 1926లో బ్రైటన్ కార్ఖానాలో రివర్ టారిడ్జ్ పేరుతో పుట్టి, 1928లో టెండర్ ఇంజిన్‌గా మారి, చివరికి 31806 నంబరుతో పనిచేసింది. తుక్కు కింద అమ్మిన తర్వాత ఉత్సాహవంతులు కొనుక్కుని బాగు చేశారు. హ్యాంప్‌షైర్‌లో మిడ్ హ్యాంట్స్ రైల్వే అనే పాత లైను మీద ప్రయాణికులను తిప్పింది. తొట్లూ లేవు, ఇత్తడి పేరూ లేదు.